ఒక వోల్టు సరే, కరెంటు ఎంత?

నీరు ఆవిరయ్యేటప్పుడు విద్యుత్తు పుట్టించవచ్చన్న మీ వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ అందులో "ఒక వోల్టు వచ్చింది" అని చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. 2017లో చైనా పరిశోధకులు మసి పూసిన చిన్న పలకను నీటిలో నిలబెట్టి ఒక వోల్టు దాకా సాధించిన మాట నిజమే. అయితే ప్రవహించిన కరెంటు మైక్రోఆంపియరులో (ఆంపియరులో పది లక్షల వంతు) చిన్న భాగం మాత్రమే. ఫోను ఛార్జింగుకు దాదాపు ఒక ఆంపియరు కావాలి. ఆ తేడా పాఠకులకు చెప్పాలి కదా!

అసలు అందమంతా పని జరిగే తీరులో ఉంది. మా వసారాలో ఇసుక మీద పెట్టిన మట్టికుండనే చూడండి. లోపలి నీరు సన్నని రంధ్రాల గుండా చెమర్చి గాలికి ఆరిపోతుంది, ఆరినకొద్దీ వెనక నుంచి మళ్లీ నీరు వస్తుంది. మసి పొరలోనూ అంతే. రంధ్రాల గోడలకు రుణావేశం ఉండటంతో నీటిలోని ధన అయాన్లు (ధనావేశం ఉన్న కణాలు) ప్రవాహం వెంట పైకి కొట్టుకుపోతాయి. తడి అంచుకూ పొడి అంచుకూ మధ్య వోల్టేజి నిలుస్తుంది. ఎండ తగిలితే ఆవిరి వేగం పెరుగుతుంది, నల్లటి మసి ఎండను బాగా పీల్చుకుంటుంది కూడా.

సముద్రపు నీటితో మాత్రం చిక్కే. ఉప్పు ఎక్కువైతే గోడల ఆవేశం ప్రభావం తగ్గిపోతుంది, పైగా రంధ్రాల నోళ్లలో ఉప్పు పేరుకుంటుంది. చినగంజాం ఉప్పు మడులు చూసినవారికి అది ఎంత త్వరగా గట్టిపడుతుందో తెలుసు.

లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ శక్తి పడుతుంది. అందులో ఎంత శాతం విద్యుత్తుగా మారుతోందో తర్వాతి వ్యాసంలో తప్పక రాయండి.