పోర్ట్‌ల్యాండ్ సిమెంటు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ, బూడిదవర్ణులు, బస్తాకు యాభై కిలోలు తూగే పోర్ట్‌ల్యాండ్ సిమెంటు గారికి, గుంటూరు గోరంట్లలో ఇంటిమీద ఇల్లు లేపుతున్న ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమేనా అని అడగబోయి ఆగాను. తమరు మా చేతుల్లో పడ్డారు కాబట్టి ఆ సంగతి నాకే బాగా తెలుసు.

ముందు తమరి వంశం గురించి రెండు మాటలు. 1824 అక్టోబరు 21న ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రి తమరి మీద పేటెంటు తీసుకున్నాడు. గట్టిపడ్డాక పోర్ట్‌ల్యాండ్ ద్వీపంలో దొరికే ఖరీదైన రాయిలా కనపడతారని తమరికి ఆ ఊరి పేరు తగిలించాడు. పెద్దింటి పోలిక చెప్పుకోవడం తమరికి పుట్టుకతోనే వచ్చిందన్నమాట. ఆయనగారు సున్నపురాయి కోసం రోడ్డుమీద పరిచిన రాళ్ళనే పెకలించుకు పోయేవాడట. దానికి రెండుసార్లు కేసులు కూడా పెట్టారు. ఇది చదివాక మా వీధిలో సోమవారం వేసిన సిమెంటు రోడ్డును శుక్రవారం పైపులైను కోసం ఎందుకు తవ్వుతారో నాకు బోధపడింది. వంశాచారం. కాదనకూడదు.

తమరికి మాతోనూ దూరపు చుట్టరికం ఉంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల వైపు నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఆ పల్నాటి రాయినే తెచ్చి అమరావతి స్తూపానికి పద్మాలూ జాతక కథలూ చెక్కారు. ఇప్పుడు అదే రాయిని పిండి చేసి, మట్టి కలిపి, 1450 డిగ్రీల దగ్గర కాల్చి, తమరిని బస్తాకెత్తి, గేదెల కొట్టానికి గచ్చు చేయిస్తున్నాం. అమరావతి శిల్పాలు కొన్ని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళాయి, అక్కడి పేటెంటు ఇక్కడికొచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడాల్లో లోటేమీ జరగలేదు.

అలా కాల్చగా వచ్చే గడ్డల్ని, అంటే క్లింకర్‌ను, నూరేటప్పుడు తమరిలో కొంచెం జిప్సం కలుపుతారు. అది లేకపోతే నీళ్ళు తగిలిన కాసేపటికే బిగుసుకుపోతారట. ప్రమాణాల ప్రకారం మొదటి అరగంట దాకా తమరు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు. ఆ ప్రమాణం రాసినవాళ్ళు మా మేస్త్రి టీకి వెళ్ళడం చూడలేదు. మాలు కలిపి, వెళ్ళి, టీ తాగి, ఫోను మాట్లాడి, వచ్చి, గట్టిపడ్డ కుప్పమీద మళ్ళీ ఒక బకెట్టు నీళ్ళు కొట్టి పారతో తిరగేస్తాడు. "మెత్తబడిందిగా" అంటాడు. చూడ్డానికి మెత్తబడిన మాట నిజమే. పోయిన బలం ఏ బకెట్టుతో తిరిగొస్తుందో మాత్రం చెప్పడు.

నా అసలు విన్నపం ఈ నీళ్ళ గురించే.

తమరు ఎండకు ఆరి గట్టిపడతారని మా ఊళ్ళో అందరి నమ్మకం. "బాగా ఎండ కాసింది, స్లాబు త్వరగా ఆరిపోద్ది" అని సంతోషించేవాళ్ళను ఈ వేసవిలోనూ చూశాను. తమరు గట్టిపడేది ఆరి కాదు, నీళ్ళతో కలిసి జరిపే రసాయన చర్య వల్ల అని చెబితే నన్ను జాలిగా చూశారు. నీటి అడుగున కూడా గట్టిపడగలరు గనకనే తమరిని డ్యాముల్లో, బ్యారేజీల్లో వాడతారు. 1957లో ప్రకాశం బ్యారేజీ తెరిచారు. అప్పట్నుంచీ దాని స్తంభాలు కృష్ణలో నిలబడే ఉన్నాయి, ఎవరూ తీసి ఎండబెట్టలేదు.

ఆ చర్యకు తమరికి అచ్చంగా కావలసిన నీళ్ళు తమరి బరువులో దాదాపు పావు వంతు. బస్తాకు పన్నెండు లీటర్ల చిల్లర. మాలు పారాలి, కలపడానికి వీలుండాలి కాబట్టి ఇంకాస్త పోస్తారు. ఇరవై ఐదు లీటర్ల దాకా సరే. ఆపైన పోసిన ప్రతి లీటరూ గట్టిపడ్డాక ఆవిరై పోతూ లోపల సన్నటి ఖాళీలు వదిలిపోతుంది. వానాకాలం తర్వాత ఇనుముకు తుప్పు చేరేది ఆ దారులగుండానే. 1918లోనే డఫ్ అబ్రామ్స్ అనే ఆయన దీన్ని సూత్రంగా చెప్పాడు: నీళ్ళు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. ఆ సూత్రం గోరంట్లకు ఇంకా చేరలేదు. మా మిక్సరు పక్కన నిలబడే కుర్రాడి చేతిలో బకెట్టు ఉంటుంది కానీ, దానికి కొలత గీతలుండవు. కాంక్రీటు జారుగా ఉంటే సలాకల మధ్య తనంతట తనే సర్దుకుంటుంది, వైబ్రేటరు పట్టుకునే పని తప్పుతుంది. అందుకని అతని సూత్రం అతనికుంది.

"నీళ్ళు ఎక్కువవుతున్నాయేమో మేస్త్రీ?"

"ఏం గాదు సార్. మనం తెచ్చింది 53 గ్రేడు. తట్టుకుంటది."

అయ్యా, ఆ 53 సంగతి తమరికి తెలియనిదా. తమిళనాడులోని ఎన్నూరు నుంచి తెప్పించిన ప్రామాణిక ఇసుక, తూకం వేసిన నీళ్ళు, 27 డిగ్రీల గది, 28 రోజులు నీళ్ళలో నాన్చిన చిన్న దిమ్మ. వీటన్నిటి తర్వాత చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్లు తట్టుకున్నారని తమరికి వేసిన మార్కు అది. మా కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తలుపులేసి చదివిస్తే వచ్చిన ర్యాంకు లాంటిది. బయటికి తీసుకొచ్చి, మే నెల ఎండలో నిలబెట్టి, మట్టి కలిసిన ఇసుక, దుమ్ము పట్టిన కంకర చేతికిచ్చి, తలమీద నాలుగు బకెట్లు గుమ్మరించి "ఆ ర్యాంకు చూపించు" అంటే తమరు మాత్రం ఏం చేస్తారు.

ఇదంతా నీళ్ళు వద్దన్నప్పుడు పోసే కథ. కావాలన్నప్పుడు ఇవ్వని కథ మర్నాటి నుంచి మొదలవుతుంది. కాంక్రీటు పనులకున్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన రకానికి 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. పొడి ఎండలున్న చోట అవి 10, 14 అవుతాయి. రెంటచింతల పొరుగువాళ్ళం, మాది పొడి ఎండల చోటు కాదని ఎవరంటారు? మొదటిరోజు ఉత్సాహం చూడాలి. స్లాబుమీద మాలుతో గట్లు పోసి మడులు కట్టి, నీళ్ళు నిలిపి, ఇంటాయన ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెడతాడు. మూడోరోజుకు మడుల్లో నీళ్ళ బదులు పావురాలుంటాయి. స్తంభాలకు చుట్టిన గోనెలు అప్పడాల్లా ఎండి ఉంటాయి. "బోరు అందట్లేదండీ, ట్యాంకరు చెప్పాం." పెద్ద ఏరు పక్కనే పారుతున్న జిల్లాలో స్లాబు తడపడానికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఘనత మాదే.

తర్వాత పగుళ్ళొస్తాయి. అప్పుడు పంచాయితీ కూర్చుంటుంది. మేస్త్రి ఇంజనీరును, ఇంజనీరు ఇసుకను అంటారు. చివరికి అందరూ ఏకమై తమరి మీద పడతారు. "సిమెంటులో బూడిద కలుపుతున్నారండీ!" కలుపుతున్నారు, నిజమే. పీపీసీ అని బస్తామీద రాసి మరీ కలుపుతున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను లాంటి చోట్ల బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిద అది, 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చు. బలం నిదానంగా వస్తుంది, వచ్చాక బాగానే ఉంటుంది. ఆ నిదానం కోసమే ఇంకొన్ని రోజులు ఎక్కువ తడపమన్నది. పది రోజులు నీళ్ళు పెట్టే ఓపిక లేనివాళ్ళు తమరి కులగోత్రాలు అడుగుతున్నారు.

తమరి తప్పులు అసలే లేవని నేననను. తమరి క్షారం చర్మాన్ని తినేస్తుంది. సాయంత్రం పని దిగాక తట్టలు మోసే ఆడకూలీలు అరచేతులకు కొబ్బరినూనె రాసుకోవడం ఏ సైటులోనైనా కనపడుతుంది. స్లాబు రోజు బిర్యానీ పెట్టించే యజమానికి రబ్బరు గ్లవుజుల ఖర్చు మాత్రం దుబారాగా తోస్తుంది. పైగా సున్నపురాయిని నూరు కిలోలు కాలిస్తే అందులో నలభై నాలుగు కిలోలు కార్బన్ డయాక్సైడుగా గాలిలోకి పోతుంది, పొయ్యిలో మండించే బొగ్గు లెక్క వేరే. ఇన్ని పాపాలతో తయారైన తమరిని మరి కాస్త పొదుపుగా వాడతామా? లేదు. ఎలుక కన్నానికి తమరే. ఊగే గేటు కమ్మీకీ, కుళాయి చుట్టూ కారే చెమ్మకూ తమరే. డాబా కారితే ఏటా వేసవిలో ఉత్త సిమెంటు నీళ్ళలో కలిపి చీపురుతో అలుకుతారు. ఇసుక లేని ఆ పూత ఆరుతూ ముడుచుకుని బీటలిస్తుంది. మరుసటి వేసవికి బీటలమీద మళ్ళీ పూత. మా ఎదురింటాయన డాబా ఇలా ఏడాదికి ఇంత చొప్పున ఎదుగుతోంది. దాన్ని అనుమతి లేని అంతస్తుగా ఎప్పుడు లెక్కేస్తారో చూడాలి.

వీధీ ఎదుగుతోంది. పాత రోడ్డు తీయకుండా దానిమీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు, దాంతో ఇళ్ళు పల్లమవుతాయి. వాన నీళ్ళు హాల్లోకి వస్తే జాకీలు పెట్టి ఇంటినే లేపే మేస్త్రులు తయారయ్యారు. ఇంకా పెరట్లో అడుగు మట్టి కనపడితే మాకు నామోషీ. కాలికి అంటుకుంటుందట. గేటు నుంచి వెనక గోడ దాకా తమరితో గచ్చు పోయించి, వేపచెట్టు మొదలు చుట్టూ కూడా బిగించి, "ఇప్పుడు నీటుగా ఉంది" అనుకుంటాం. మా వీధిలో ఒకాయన ప్లాను మంజూరు కోసం ఇంకుడు గుంత తవ్వించాడు, ఫొటో తీయించాడు, మర్నాడు దానిమీద తమరితో కారు పార్కింగు వేయించాడు. ఆ ఇంటికే ఈ వేసవిలో రోజూ ట్యాంకరు వస్తోంది.

విజయవాడవాళ్ళకు తమరి రెండు ముఖాలూ తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కృష్ణలంక పక్కన గోడగా నిలబడి ఆ పేటను కాపాడింది తమరే. ఆ గోడ మా హయాంలోదంటే మా హయాంలోదని నాయకులు కొట్టుకున్నారు, తమరు మాత్రం ఒక్క ప్రెస్‌మీట్ పెట్టలేదు. అదే వారం అటు సింగ్‌నగర్‌లో బుడమేరు వాగు నీళ్ళు రోజుల తరబడి ఇళ్ళలో నిలిచాయి. ఏటి గట్లకు పడిన గండ్లను తమరి మీద వేయను. వచ్చిన నీళ్ళు దిగడానికి కాస్త ఖాళీ మట్టి ఎక్కడుందని మాత్రం అడుగుతాను.

పన్ను సంగతీ చెప్పాలి. చాలాకాలం తమరిని 28 శాతం జీఎస్టీలో పాన్ మసాలా పక్కన కూర్చోబెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దించారు. నా ఎస్టిమేటులో ఆ పది శాతం ఎక్కడా తేలలేదు. కాంట్రాక్టరు లెక్కలకున్న ఇంకించుకునే గుణం మా వీధికి ఉంటే బోర్లు ఎండేవి కావు.

ఇక విషయానికొస్తాను. మా స్లాబు వచ్చే ఆదివారం. పంతులుగారు ఉదయం 9 గంటల 12 నిమిషాలకు ముహూర్తం పెట్టారు. మొదటి తట్టకు పసుపూ కుంకుమా సిద్ధం, గుమ్మడికాయ కట్టాం, బిర్యానీకి చెప్పాం. లారీ దిగగానే తమరి బస్తామీద తయారైన వారం, సంవత్సరం ఉన్న ముద్ర చూస్తాను, వయసు అడిగాడని నొచ్చుకోవద్దు. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించాకే వాడాలంటారు. చెక్కబల్లలు పరిపించాను, గోడకు ఆనించకుండా, పది వరుసలకు మించకుండా పేర్పిస్తాను. మిక్సరు దగ్గర నా కుర్చీ వేయిస్తున్నాను. లీటరు గీతలున్న బకెట్టు కొన్నాను. దాన్ని చూసి మేస్త్రి ఇప్పటికే ముఖం మాడ్చాడు. "ఇట్టయితే పని సాగదు సార్" అన్నాడు. సాగకపోతే బిర్యానీ చల్లారుతుందన్నాను. ఆలోచిస్తానన్నాడు.

అన్నీ కుదిరాయి గానీ, పద్నాలుగు రోజులపాటు రోజూ వచ్చే ట్యాంకరు డ్రైవరు మాత్రం ముహూర్తం ఇవ్వనంటున్నాడు.

ఇట్లు,
తమరి బస్తాలకు బాకీపడిన
గోరంట్ల వాస్తవ్యుడు

తా.క. కింది అంతస్తు కట్టినప్పుడు మిగిలిన అర బస్తా మెట్ల కింద బస్తా ఆకారంలోనే రాయైపోయింది. బండి స్టాండు దిగబడకుండా దానిమీదే వేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పటివరకూ ఒక్క పగులూ ఇవ్వనిది అదొక్కటే. మేస్త్రికి చూపించాను. "అది మంచి కంపెనీ సార్" అన్నాడు.