ఇంగ్లీషు నోట్లో ఉంటుందా, పాస్‌పోర్టులో ఉంటుందా?

విదేశీ టీచర్లను ఎలా ఏరుకోవాలన్న విషయంలో దక్షిణ కొరియా వాళ్లంత లోతుగా ఆలోచించినవాళ్లు ఇంకెవరూ లేరని నా నిశ్చితాభిప్రాయం. అక్కడ ఇంగ్లీషు చెప్పేవాళ్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే దొరుకుతుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా పర్లేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పశుపోషణ చదివిన కుర్రాడు రేపు సియోల్‌లో దిగి ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ చెప్పొచ్చు. చెప్పగలడా అని అనుమానం దేనికి, పాస్‌పోర్టు చెబుతోంది కదా.

మా పెద్దనాన్నగారి అమ్మాయికే ఇది మింగుడు పడటం లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లీషు, ఆపైన బీఈడీ, గాజువాక వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్ల సర్వీసు. అక్క దగ్గర గ్రామర్ నేర్చుకుని అమెరికా వెళ్లిపోయిన శిష్యుడికి అక్కడో పాప పుట్టింది, ఆ పాపకి కొరియాలో ఇంగ్లీషు చెప్పడానికి కావలసిన ముఖ్య అర్హత ఉయ్యాల్లో ఉండగానే వచ్చేసింది, ఇక డిగ్రీ ఒక్కటే బాకీ. అక్కకి మాత్రం రాలేదు. లోపం ఎక్కడుందో ఆవిడే ఆలోచించుకోవాలి.

ద్వారకానగర్‌లో విదేశాల్లో టీచరు ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీ అబ్బాయి అక్కకి చాలా మర్యాదగా చెప్పాడట. "ఎక్స్‌పీరియన్స్ సూపరండి మేడమ్. కాకపోతే వాళ్లు నేటివ్ అడుగుతున్నారండి." దానికి మా అక్క, "నేటివ్ అంటే మాది చోడవరం బాబూ" అంది. ఆ అబ్బాయి నవ్వలేదు, ఫారంలో రాసుకున్నాడు.

అన్యాయం, వివక్ష అని అరిచేవాళ్లు ఒక్కటి గమనించాలి. మనకి తలుపేమీ పూర్తిగా మూసెయ్యలేదు. 2010లో అమల్లోకొచ్చిన ఇండియా-కొరియా వాణిజ్య ఒప్పందంలో మనవాళ్లకీ చిన్న కిటికీ పెట్టారు. డిగ్రీతో పాటు ఇంగ్లీషు టీచరుగా సర్టిఫికెట్ కూడా ఉంటే అసిస్టెంట్ టీచరుగా వెళ్లొచ్చు. అంటే ఒహాయో కుర్రాడు పాఠం చెబుతుంటే ఎంఏ బీఈడీ పక్కన నిలబడి సుద్దముక్క అందిస్తుంది. ఇనుము, కారు విడిభాగాలు ఎగుమతి చేసే ఒప్పందంలోనే మా అక్కని కూడా కలిపారంటే అది గౌరవమే.

ఇంగ్లాండ్ ఇంకా ఉదారం. 2023లో మనల్ని కలుపుకుని తొమ్మిది దేశాల టీచర్లకి అక్కడి టీచరు హోదా కోసం దరఖాస్తు చేసుకునే వీలిచ్చారు, లెక్కలు, సైన్సు, పరాయి భాషలు చెప్పేవాళ్లకి. ఇంగ్లీషు మటుకు వాళ్ల దగ్గర సరిపడా ఉన్నట్టుంది.

సరే, వీసా దొరికే దేశమే చూసుకున్నాం అనుకోండి. మరి కాగితాలు? పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కోసం మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లాలి. ఈవిడ మీద ఏ కేసూ లేదని ప్రభుత్వం రాసివ్వాలి (చేసిన నేరమల్లా స్పెల్లింగ్ తప్పు రాసిన వాళ్లచేత పదేసిసార్లు రాయించడం). డిగ్రీ నిజమైనదేనని ముందు రాష్ట్రం ధ్రువీకరించాలి, రాష్ట్రం నిజం చెప్పిందని హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ వాళ్లు అపోస్టిల్ స్టిక్కర్ (కాగితం పరాయి దేశంలో చెల్లడానికి వేసే ముద్ర) అంటించాలి. ప్రభుత్వ ఫీజు కాగితానికి 50 రూపాయలు, ఏజెంటు తీసుకునేది ఇంకోటి. అసలు ఘట్టం ఇక్కడుంది. అక్క డిగ్రీకి పెదనాన్నగారు ఆ రోజుల్లోనే ప్రేమగా ల్యామినేషన్ చేయించారు. స్టిక్కరు దాని మీద పనికిరాదట. ఆదివారం పొద్దున్న హాల్లో ఫ్యాను ఆపి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ, బ్లేడు మొనతో అంచు నుంచి ఆ ప్లాస్టిక్ పొరని వేలి మందం చొప్పున ఊడదీశాం. రిజిస్ట్రార్ సంతకంలో సగం పొరతో పాటు వచ్చేసింది. పెదనాన్నగారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండేళ్లే చెల్లుతుంది. విశాఖ డెయిరీ ప్యాకెట్ మీద తేదీలాగా ఇంగ్లీషుకీ తేదీ ఉంటుందని మనకెవరూ చెప్పలేదు. మన టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కి కూడా ఇదివరకు ఏడేళ్లే గడువు ఉండేది, 2021లో జీవితకాలం చేసేశారు. మనకి కాఠిన్యం తక్కువ.

1936లో ఇదే వాల్తేరు నుంచి, ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ పని ముగించుకుని, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌కి ప్రొఫెసరుగా వెళ్లారు. పరాయి భాషవాళ్లకి ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పే 120 గంటల టెఫెల్ కోర్సు చేశారా అని ఎవరూ అడగలేదు. అందుకే కాబోలు తరవాత రూల్స్ బిగించారు.

కాబట్టి మనం కూడా బిగించాలి. విశాఖ ప్రైవేటు స్కూళ్లలో పని చెయ్యదలచిన విదేశీయుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంటు గారి బీరువాలో పెట్టాలి, మానేసినప్పుడు అడగకూడదు. మే నెల ఎండలో కూర్మన్నపాలెం వీధుల్లో పాంప్లెట్లు పట్టుకు తిరిగి తలకి పది అడ్మిషన్లు తేవాలి, ఆ నెల సగం జీతమే. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండుకి వచ్చిన ప్రశ్నకి పదకొండుంబావుకల్లా జవాబివ్వాలి. ఇవన్నీ అక్క చేస్తున్నవే, కొత్తగా కనిపెట్టినవి కావు.

ఒక్క చిక్కుంది. మన హోం శాఖ నిబంధన ప్రకారం ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద వచ్చేవాడికి ఏడాదికి 16.25 లక్షలు దాటి జీతం ఉండాలి, అంటే నెలకి లక్షా ముప్పై అయిదు వేల పైమాటే. అంత ఇచ్చే కరస్పాండెంటు మా గాజువాకలో ఇంకా పుట్టలేదు. అయితే ఈ పరిమితి నుంచి కొందరికి మినహాయింపు ఉంది: ఇంగ్లీషు కాకుండా వేరే భాషలు చెప్పేవాళ్లకీ, తమ దేశపు వంట వండే వంటవాళ్లకీ. అందుచేత మన స్కూళ్లు ఒహాయో కుర్రాణ్ణి క్యాంటీన్‌లో వంటవాడిగా చూపించి తెచ్చుకోవచ్చు. పొద్దున్న రెండు పీరియడ్లు ప్రిపొజిషన్లు, మధ్యాహ్నం పాస్తా, ఫీజులో రెండూ విడివిడిగా వేసుకోవచ్చు. పక్కన అసిస్టెంటుగా నిలబడటానికి అక్క ఎలాగూ ఉంది.