మామయ్యగారి పేరు మీద మూడు నక్షత్రాలు

ఖాతా మామయ్యగారిది, పుస్తకం మనది, నోటిదురద కూడా మనదే. ఈ మూడు ముక్కలు తెలిస్తే చాలు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు తెనాలి మామయ్యగారు ఓ ఆన్‌లైన్ అంగడిలో ఖాతా తెరిచారు. ఉచిత డెలివరీ చందా కట్టారు. అప్పట్నుంచీ చుట్టాలందరికీ అదే ఖాతా. మిక్సీ జారు గాస్కెట్లు, మోకాలి పట్టీలు, పిల్లల జామెట్రీ బాక్సులు, వాటి మధ్యలో మనం కొనుక్కునే గే రొమాన్స్ ఈ-బుక్కులు. ఓటీపీ ఆయన ఫోనుకి వస్తుంది, డబ్బులు మనం యూపీఐలో పంపేస్తాం, ఏం కొన్నావని ఆయన అడగరు. ఇలాంటి ఏర్పాటు మీ ఇంట్లోనూ ఉంటే హాయిగా ఏదైనా కొనుక్కోండి. సమీక్ష మాత్రం రాయకండి.

ఈసారి కొన్న నవల పేరు చెప్పను. రాసినావిడకి మనవల్ల జరిగిన నష్టం చాలు. ఇద్దరు హీరోలు. ఒకడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో పెరిగిన తెలుగు డాక్టరు, రెండోవాడు హ్యూస్టన్ నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాడు, బేకరీ నడుపుతాడు. ఈ నవలల్లో ఎవరో ఒకరికి బేకరీ ఉండి తీరాలి, లేదంటే పూలకొట్టు. సిమెంటు డీలరు ప్రేమలో పడ్డ దాఖలా ఇంతవరకూ కనపడలేదు. రాత్రి పదకొండున్నరకి 62 శాతం దగ్గర ఆగి, ఆవేశం ఆపుకోలేక తెలుగులోనే ఓ సమీక్ష కొట్టి పంపించాం. తెలుగులో రాస్తే ఎవడు చదువుతాడులే అని ధీమా.

పొద్దున్న ఆరుంపావుకి ఫోను. "నా పేరుతో ఏదో అచ్చయిందట, ధన్యవాదాలు చెబుతూ మెయిలొచ్చింది. చదువుతాను, విను."

ఇక్కడ ఆ అంగడి ఘనకార్యం చెప్పాలి. సమీక్ష రాసే చోట నక్షత్రాలు అరచేతంత ఉంటాయి, రాసే పెట్టె అంతకంటే పెద్దది. ఎవరి పేరు మీద వెళ్తుందో మాత్రం పైన మూలన బియ్యపుగింజంత బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పేరే లోకానికి కనపడే పేరు. ఒక ఖాతాకి ఒకటే బహిరంగ నామం. మార్చుకోవచ్చు, కానీ మారిస్తే పాత సమీక్షలన్నిటి మీదా మారిపోతుంది. పైగా ఆ పేరు నొక్కితే ఆ మనిషి రాసినవన్నీ ఒకే పేజీలో వరసగా పరుస్తుంది. అంటే ముప్ఫై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి పేరు కింద, "గాస్కెట్ సైజు సరిపోయింది, కొంచెం గట్టిగా ఉంది" అన్న ముక్కకి సరిగ్గా పైన, మన సాహిత్య విమర్శ.

ఆయన చదవడం మొదలుపెట్టారు, క్లాసులో లెక్క చదివినట్టు, కామాల దగ్గర ఆగుతూ.

"'హీరో ఒంటిరంగుకి ఒకచోట దాల్చినచెక్క, ఒకచోట కారమెల్, బేకరీవాడికి మోకా, డార్క్ చాక్లెట్. ఇది నవలా, మెనూ కార్డా?'" ఇక్కడ ఆగి, "మోకా అంటే?" అన్నారు. "కాఫీలో చాక్లెట్ కలిపింది, మామయ్యా." "ఊఁ."

ఇది మన ఒక్కరి గొడవ కాదు. తెల్లవాళ్లు కాని పాత్రల రంగుని తినుబండారాలతో పోల్చడం మీద పాఠకులు చాన్నాళ్లుగా కత్తులు నూరుతున్నారు. తెల్లవాడికి కళ్లు, జుట్టు, భుజాలు వర్ణిస్తారు. మిగతావాళ్లని రుచి చూస్తారు. కాఫీ, కోకో, చక్కెర తోటల్లో బానిసలని పెట్టి పండించిన సరుకులన్న చేదు కూడా ఆ కోపంలో ఉంది. తెలుగులో ఈ బెడద తక్కువ, మనకి 'చామనచాయ' అని ఒక మాట ఉంది, చాలించి ముందుకి పోతాం. అలాగని మనం శుద్ధపూసలమా? తెల్లగా ఉన్నవాణ్ని 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటాం, ఆ ఎరుపు ఏమిటో మనకే తెలియదు.

"'తెలుగు కుర్రాడు తండ్రిని పాపా అంటాడు, నాయనమ్మని దాదీ అంటాడు. సంక్రాంతికి ఇంట్లో బటర్ నాన్ కాలుస్తారు. ఇంటిల్లిపాదికీ రావు అనేదే ఇంటిపేరు.'" ఇది మాత్రం మామయ్యగారికి నచ్చినట్టుంది, రెండుసార్లు చదివారు.

నచ్చాలి మరి. తెలుగు పాత్ర కనపడగానే పాఠకుడు చూసేవి ఇవే: పిలుపు, తిండి, ఇంటిపేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, రావు వెనకుంటుంది. అమెరికా ఫారాల్లో అవి తారుమారవడం నిజమే, కానీ అమ్మమ్మగారికి కూడా రావు తగిలిస్తే ఆవిడ ఊరుకోదు. ఇలాంటివి చూసే, ఆ బతుకు బతికినవాళ్లే రాయాలని ఓ వాదం పుట్టింది. 2015లో ట్విట్టర్లో 'ఓన్ వాయిసెస్', అంటే సొంత గొంతులు, అని ఓ ముద్ర తయారైంది. కొన్నేళ్లకి అదే ముద్ర రచయితల మెడకి చుట్టుకుంది. గే పాత్రల గురించి రాశావు, నువ్వు గేవా కాదా చెప్పు అని నిలదీయడం మొదలైంది. ఇంట్లో కూడా చెప్పుకోనివాడు ముందు పాఠకులకి చెప్పుకోవాలన్నమాట. 'వియ్ నీడ్ డైవర్స్ బుక్స్' అనే సంస్థ 2021లో ఆ మాట వాడటమే మానేసింది. నన్నడిగితే రచయిత ఎవరైనా ఫర్వాలేదు, అచ్చుకి ముందు ఒక్క తెలుగు మనిషికి చూపిస్తే బటర్ నాన్ ఆగిపోయేది.

"'ఒకే మంచం ఘట్టం తేలిపోయింది.'" మామయ్యగారు కళ్లజోడు సర్దుకున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. "దీనికి కారణం రాయలేదు. మార్కులు కోస్తే కారణం రాయాలి. మోటల్లో ఎన్ని గదులు?"

"అది... రాయలేదండీ."

"మరి ఒక్కటే మిగలడానికి సంభావ్యత ఎలా కడతాం?"

ఆరుంపావుకి, పళ్లు కూడా తోముకోకుండా, రిటైర్డు లెక్కల మాస్టారికి 'ఒకే మంచం' విశదీకరించాల్సి రావడం పగవాడికి కూడా వద్దు. ఘట్టం ఏమిటంటే, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు ముంచేసి కరెంటు పోయినప్పుడు హీరోలిద్దరూ దారిలో చిక్కుకుని ఓ మోటల్లో దిగుతారు. ఉన్నది ఒకే గది, అందులో ఒకే మంచం. ఇద్దరూ దానికేసి చూసి గుటకలు మింగుతారు. రొమాన్స్ నవలల్లో ఇది ఆవకాయ లాంటిది, ఎన్నిసార్లు వడ్డించినా ఎవరూ వద్దనరు. చిక్కల్లా తెలుగు పాఠకుడికే. మన ఇళ్లలో ఒకే మంచం సమస్య కాదు, సదుపాయం. పెళ్లి విడిదిలో పన్నెండుమందికి రెండు పరుపులేస్తారు. ఇద్దరు మగపిల్లలు ఒకే దుప్పట్లో దూరితే పెద్దమ్మ వచ్చి ఫ్యాను పెంచి, మూడోవాణ్ని కూడా అక్కడే సర్దుకోమంటుంది. భుజాల మీద చేతులేసుకుని బోసురోడ్డంతా తిరిగినా ఎవడూ తలెత్తి చూడడు. అందుకే రచయిత్రి నలభై పేజీలు కష్టపడి ఊదిన బుడగ తెనాలి చేరేసరికి గాలి తీసిన ట్యూబైంది. తెలుగులో ఈ ఘట్టం పండాలంటే గదిలో రెండు మంచాలుండాలి, ఇద్దరూ ఒకదాని మీదే కూర్చోవాలి.

అసలు మన ఉత్కంఠంతా సర్వనామాల్లో ఉంది. ఇంగ్లీషులో ఒకటే 'యూ', పాపం వాళ్లకి మంచాలు, మంచుతుఫానులు కావాలి. మనకి 'మీరు' కాస్తా ఓ సాయంత్రం పొరపాటున 'నువ్వు' అయితే చాలు, మర్నాడంతా ఇద్దరికీ అన్నం సహించదు. 'అండీ' ఊడిపోయాక 'ఒరేయ్' వచ్చిందంటే కథ ఎటో ఒకవైపు తేలిపోయినట్టే. స్నేహితులే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఇంక 'బావా' ఉంది చూశారూ, కాలేజీ హాస్టల్లో అందరూ అందర్నీ అంటారు. వందమందిలో ఒకడు మనసులో మాటగా అంటాడు. వాడు ఎప్పటికీ దొరకడు. ఇదంతా సమీక్షలో రాసి ఉంటే సరిపోయేది. మనం రాసింది మాత్రం "తేలిపోయింది" అని ఒక్క ముక్క.

"'అట్ట మీద గొడుగు బొమ్మ, లోపల మూడు మిరపకాయల ఘాటు.'" ఇది చదివి మామయ్యగారు ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం నాలుగు సెకన్లుంది.

ఇందులో ఆవిడ తప్పు లేదు, మన తప్పూ లేదు. ఈమధ్య రొమాన్సుల అట్టలకి చొక్కా విప్పిన మనుషుల ఫోటోలు తగ్గి ముద్దుముద్దు బొమ్మలొచ్చాయి. బస్సులో చదువుకోవడానికి సుఖమే, లోపల ఎంత వేడి ఉందో మాత్రం తెలియదు. అందుకని పాఠకులు ఘాటుని మిరపకాయల్లో కొలిచి చెబుతారు. అక్కడా గొడవే, అయోవా మిరపకాయ వేరు, గుంటూరు మిరపకాయ వేరు. కొన్నది ఏదైనా ఖాతాలో ఉన్న ప్రతి ట్యాబ్లెట్లోనూ దానంతటదే ప్రత్యక్షమవుతుందని, మామయ్యగారి దాంట్లో పంచాంగం పక్కన ఈ గొడుగు బొమ్మ తేలిందని అప్పుడు తట్టింది. ఇద్దరు కుర్రాళ్లు, ఒక గొడుగు. పిల్లల నీతికథలనుకున్నారట.

"తెరిచారా?"

"తెరిస్తే, వేరే పరికరంలో 62 శాతం దాకా చదివారు, అక్కడికి వెళ్లమంటారా అని అడిగింది. చదివింది నేను కాదు కదా, వద్దన్నాను. చివరికి వెళ్లాను."

"చివరికా?"

"లెక్కల పుస్తకంలో జవాబులు ఎక్కడుంటాయి?"

ఈ నవలల్లో జవాబు ముందే తెలుసని ఆయనకి ఎవరు చెప్పాలి? అమెరికా రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనంలో ఉన్నవే రెండు షరతులు: ప్రేమకథ నడిబొడ్డున ఉండాలి, ముగింపు తృప్తిగా, ఆశగా ఉండాలి. గే పాఠకులు రెండోదాన్ని ప్రాణంలా పట్టుకోడానికి కారణముంది. పాత పుస్తకాల్లో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటే ఆఖరికి ఒకడు చావాలి, లేదా జైలుకి పోవాలి. ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913–14లో 'మారిస్' రాస్తూ సుఖాంతమే ఉండాలని పట్టుబట్టాడు. పట్టుబట్టి, అచ్చు వేయించలేక సొరుగులో పెట్టాడు. 1970లో ఆయన పోయాక, 1971లో వచ్చింది. మన దగ్గర 377 సెక్షన్ నుంచి ఈ ప్రేమలని తప్పించిన సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న. కాబట్టి హీరోలిద్దరూ చివరి పేజీలో కుక్కని పెంచుకుంటే, మూసగా ఉందని మనం నక్షత్రం కొయ్యం.

మామయ్యగారు ఆఖరి వాక్యానికి వచ్చారు. "'అన్నిటికంటే ఘోరం, హీరో తల్లికి రచయిత్రి పేరు కూడా పెట్టలేదు. మూడు నక్షత్రాలు.' ఐదుకి మూడంటే ఎంత శాతం?"

"అరవై."

"అరవై అంటే ఫస్టు క్లాసు. ఫస్టు క్లాసు ఇచ్చి ఈ తిట్లేమిటి?"

ఏం చెబుతాం! పాఠకులు పుస్తకాలకి మార్కులేసుకునే సైటు గుడ్‌రీడ్స్‌లో మూడంటే 'నచ్చింది' అని అర్థం, రెండు కూడా 'ఫర్వాలేదు' కిందే లెక్క. అదే మూడు ఈ అంగడిలో వేస్తే విమర్శల కుప్పలోకి తోసేస్తుంది. ఒకే చేత్తో వేసిన ఒకే మార్కు, ఒకచోట దీవెన, ఇంకోచోట శాపం. ఆ మాటే నసుగుతుంటే ఆయన మధ్యలో ఆపారు.

"పేరుంది."

"ఎవరికండీ?"

"తల్లికి. సత్యవతి. చివర్నుంచి వెనక్కి వస్తుంటే 79 శాతం దగ్గర దొరికింది. ఆవిడే మాట్లాడుతుంది, మొత్తం ఆవిడ అధ్యాయమే. నువ్వు చదవలేదూ?"

సగంలో వదిలేసిన పుస్తకానికి నక్షత్రాలు వెయ్యొచ్చా అని పాఠకుల్లో రెండు పార్టీలున్నాయి. వెయ్యొచ్చు, కానీ ఎంతవరకు చదివామో రాయాలి అనేవాళ్ల పార్టీ మనది. నిన్నటిదాకా గొంతు చించుకున్నాం కూడా.

పేరు మార్చేద్దామంటే మామయ్యగారు ఒప్పుకోలేదు. గాస్కెట్ సమీక్ష ఉపయోగపడిందని పదిహేడుమంది నొక్కారట, అది ఊరూపేరూ లేనివాడి మీదకి పోకూడదు. తీసేద్దామంటే, "తప్పు రాస్తే దిద్దుతారు, చింపరు" అన్నారు. చివరికి 'తల్లి పేరు సత్యవతి, గమనించగలరు' అని ఓ వాక్యం చేర్చి మళ్లీ పంపాం. పరిశీలనలో ఉందట, కొన్ని రోజులు పట్టొచ్చట. ఈలోగా మిగిలిన 38 శాతం చదువుదామని తెరిస్తే, పుస్తకం నూరు శాతం పూర్తయింది, అభినందనలు అంటోంది. మంచుతుఫాను తర్వాత ఎక్కడ ఆపామో వెతుక్కుంటుంటే తెనాలి నుంచి మళ్లీ ఫోను మోగుతోంది.