మానవోత్తరవాదం గారికి ఒక మామూలు పాఠకుడి మనవి

అయ్యా (లేదా అమ్మా, లేదా యంత్రమా, మీకు అన్నీ ఒకటేనట),

లోకానికి మనిషే కేంద్రం కాదంటూ, మనిషికీ జంతువుకీ యంత్రానికీ మధ్య గోడలు కూల్చేశామని తమరు ఊరూరా చాటింపు వేయిస్తున్నారు. సంతోషం. కానీ కోక్‌టౌన్ మిల్లు యజమానులు ఆ పని ఎప్పుడో చేసేసి, లాభాలు కూడా లెక్కచూసుకున్నారు. నమ్మకపోతే ఆ ఊరి కథగా డికెన్స్ 1854లో రాసిన ‘హార్డ్ టైమ్స్’ నవల తిరగేయండి. అక్కడ కూలీని మనిషి అనరు, ‘చెయ్యి’ అంటారు. సముద్రపొడ్డు పురుగుల్లా చేతులూ పొట్టా తప్ప ఇంకేమీ లేకుండా పుట్టి ఉంటే వీళ్లు కొందరికి మరీ ముద్దొచ్చేవాళ్లని డికెన్స్ చురక. ఆ పొట్ట సంగతి ఎత్తితే చాలు, బంగారు చెంచాతో తాబేలు సూపు కావాలంటున్నారని మిల్లు యజమాని బౌండర్‌బీ దొర గగ్గోలు పెడతాడు.

అక్కడ యంత్రానికి మాత్రం పాపం మనసుంది. ఆవిరి యంత్రం పిస్టన్ దిగులుతో పిచ్చెక్కిన ఏనుగు తలలా పొద్దస్తమానం పైకీ కిందకీ ఊగుతుంటుంది. ఈ ఏనుగంటే తమ శిష్యులకు ప్రాణం.

నాకు గుర్రం ఇష్టం. సర్కస్ గుర్రాల మధ్య పెరిగిన సిస్సీ జూప్‌ని బళ్లో ఇరవయ్యో నంబరు పిల్లగా నిలబెట్టి, గుర్రమంటే ఏమిటో చెప్పమంటారు. పిల్లకు నోరు పెగలదు. బిట్జర్ అనే కుర్రాడు లేచి గడగడా అప్పజెబుతాడు: నాలుగు కాళ్లు, గడ్డి మేత, పళ్లు 40. అందులో నమిలేవి 24, కోరలు 4, కొరికేవి 12. గుర్రం తెలిసిన పిల్ల ఫెయిలు, పళ్లు లెక్కపెట్టినవాడు ఫస్టు. తమ సెమినార్లలో ‘మానవేతర కర్తృత్వం’ (అంటే మనుషులు కానివీ తమంతట తాము పనులు నడిపిస్తాయనడం) అని ఎవరైనా ఊపిరి తిప్పుకోకుండా చదువుతుంటే నాకు ఈ కుర్రాడే కనిపిస్తాడు. ఏమనుకోకండి. పెద్దయ్యాక ఇతగాడు ఆ బడి పెద్ద గ్రాడ్‌గ్రైండ్ కొడుకుని పట్టుకుపోదామని బండెక్కితే, సర్కస్ గుర్రం అడుగు కదలకుండా తెల్లవార్లూ డాన్సు చేసింది. పళ్ల లెక్కలో డాన్సు లేదు మరి.

అన్నట్టు, అదే నవలలో స్టీఫెన్ బ్లాక్‌పూల్ అని మరమగ్గం నేతగాడున్నాడు. తోటివాళ్లు వెలేశారు, దొర పనిలోంచి తీసేశాడు, గడ్డి కప్పేసిన పాత బొగ్గు గనిలో పడ్డాడు. నడిచినన్నాళ్లూ మనుషుల్ని చంపింది, మూతపడ్డాకా చంపుతోందని ఆ గని గురించి చెప్పి, పైకి తీసిన కాసేపటికి పోయాడు. అతను ఏనుగు కాదు, పిస్టనూ కాదు. అయినా తమ వ్యాసంలో ఫుట్‌నోట్ ఏదైనా ఖాళీగా ఉంటే కాస్త సర్దగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు