ప్రాక్టీసు సాగనివాళ్లే పాఠాలు చెబుతారా?

చెన్నైలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ప్రాక్టీసు సాగని డాక్టర్లే మెడికల్ కాలేజీల్లో చేరతారు. వాళ్లకు పుస్తకాలు తప్ప పేషెంట్లు తెలియరు. వాళ్ల వార్డులో చేరితే పిల్ల డాక్టర్లు మీ మీద పని నేర్చుకుంటారు. అప్పు చేసైనా కార్పొరేట్‌కే వెళ్లండి’ అని. నాకు ముగ్గురు పంపారు. ముగ్గురూ బాగా చదువుకున్నవాళ్లే. చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

ప్రాక్టీసు సాగకపోవడమేమిటి? తమిళనాడులో సర్కారు డాక్టర్లు డ్యూటీ అయ్యాక సొంత ప్రాక్టీసు చేసుకోవచ్చు. పొద్దున వార్డులో పాఠం చెప్పిన ప్రొఫెసర్ కోసం సాయంత్రం ఆయన క్లినిక్‌లో టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ప్రసూతి వైద్యంలో పేరుమోసిన డాక్టర్. మద్రాసు మెడికల్ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపాల్ ఆయనే. 1942 నుంచి 27 ఏళ్లు మద్రాసు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. రోగులు రాక పాఠాలు చెప్పుకున్న మనిషా ఆయన?

ఇక పుస్తకాల డాక్టర్లన్న మాట. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్ ఏడాది, ఎండీ మూడేళ్లు, మామూలుగా ఆపైన సీనియర్ రెసిడెంట్‌గా వార్డులో పనిచేశాకే అసిస్టెంట్ ప్రొఫెసర్ అవుతారు. అయ్యాక కూడా మెడిసిన్ ప్రొఫెసర్‌కు తన యూనిట్, తన మంచాలు, తన ఓపీ రోజులు ఉంటాయి.

మా బాబాయి సంగతి చెబుతాను. సూళ్లూరుపేట మనిషి, చుక్క ముట్టనివాడు. కాళ్లు వాచి, కడుపులో నీరు చేరింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ చూసి లివర్ పాడైందన్నారు. ‘నిజం చెప్పు, తాగుతావు కదా’ అని పిన్ని ఎదుటే నిలదీశారు. నాలుగు నెలలు నీరు తీయించుకుంటూ తిరిగాడు. చివరికి ఇక్కడ ఒక టీచింగ్ హాస్పిటల్‌లో చేర్చాం.

మర్నాడు రౌండ్స్‌కి చీఫ్ వచ్చారు, వెనక పదిమంది స్టూడెంట్లు. అందరి చూపూ ఆ పొట్ట మీదే. ఆయన మాత్రం మంచం తలవైపు ఎత్తించి, బాబాయి ముఖం కాస్త ఎడమకు తిప్పి, టార్చ్ పక్కవాటుగా వేసి ‘మెడ చూడండి’ అన్నారు. కుడివైపు నరం దవడ దాకా ఉబ్బి ఉంది. ‘అయ్యా, ఊపిరి లోపలికి లాగండి’ అన్నారు వచ్చీరాని తెలుగులో. లాగినప్పుడు తగ్గాల్సిన నరం ఇంకా ఉబ్బింది. జబ్బు లివర్‌లోనే ఉంటే మెడ నరం ఇలా ఉబ్బదని, గుండె చుట్టూ ఉండే పొర గట్టిపడి బిగుసుకుంటే రక్తం వెనక్కి నిలిచిపోయి లివర్, కాళ్లు ఉబ్బుతాయని పిల్లలకు చెబుతుంటే నేనూ విన్నాను. ఎకో (గుండె స్కాన్), సీటీ స్కాన్ కూడా అదే చెప్పాయి. పాత టీబీ చేసిన పని అది. ఆపరేషన్ చేసి ఆ పొర తీసేశారు.

పిల్లలు మన మీద నేర్చుకుంటారన్నది అబద్ధమేమీ కాదు. ఆ రోజు ఆరుగురు పొట్ట తట్టి చూస్తే బాబాయి విసుక్కున్నాడు కూడా. రోగి వద్దంటే వదిలేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ ముందురోజు రాత్రి పదకొండింటికి ఒక పీజీ అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచీ అన్నీ అడిగింది. పొద్దున చీఫ్ ముందు కేసు చెప్పాలి మరి. ‘ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?’ అంది. తన చిన్నప్పుడు మా తాతకు ఉండేదని అప్పుడు చెప్పాడు బాబాయి. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు.

కాగితాల మీద తప్ప కాలేజీలో కనబడని ప్రొఫెసర్లూ ఉన్నారు. జాతీయ వైద్య కమిషన్ ఆధార్ హాజరు పెట్టింది అలాంటివాళ్ల కోసమే. వాళ్లను ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు. పాఠం చెప్పకుండా జీతం తీసుకునేవాళ్లు వేరు, మంచం పక్కన నిలబడి చెప్పేవాళ్లు వేరు.

కార్పొరేట్‌కు వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, తప్పులేదు. అయితే చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇప్పుడు డీఎన్‌బీ, అంటే ఎండీ లాంటి పీజీ కోర్సు, చదివే పిల్లలున్నారు. అర్ధరాత్రి ఆయాసం వస్తే అక్కడ కూడా ముందు పరుగెత్తుకొచ్చేది చాలాసార్లు వాళ్లే.