ఆటకు పసిపిల్ల, శిక్షకు పెద్దదా?

నిషిద్ధ మందు కేసులో రష్యా ఫిగర్ స్కేటర్ కమీలా వలియేవాపై విధించిన నాలుగేళ్ల నిషేధం 2025 డిసెంబరు 25తో ముగిసింది. 15 ఏళ్ల వయసులో పట్టుబడిన పిల్ల 19 ఏళ్ల యువతిగా బయటికొచ్చింది. మధ్యలోని నాలుగేళ్లు ఆమెకు ఎవరూ తిరిగివ్వలేరు. ఆమెకు నడక నేర్పిన కోచ్‌లు, ఆమె ఒంటికి కాపలా ఉన్న డాక్టర్లు మాత్రం ఈ కేసులో ఒక్కరోజు కూడా నిషేధం అనుభవించలేదు. రష్యా సంగతి మనకెందుకని అనుకునే వీలు దక్షిణ ఒడిశాలోని మన బరంపురానికి, పర్లాకిమిడికి, రాయగడకు, జయపురానికి లేదు. మన ఊళ్లలోనూ వేసవి సెలవులు వచ్చాయంటే కాళ్లకు చక్రాలు కట్టుకున్న పసివాళ్లను రికార్డుల పేరిట తారురోడ్ల మీద గంటల తరబడి తిప్పడం చూస్తున్నాం. ఫ్లెక్సీల మీద ఆ పిల్లల ఫొటోల కంటే నిర్వాహకుల ఫొటోలే పెద్దవి.

వలియేవా మామూలు క్రీడాకారిణి కాదు. కజాన్‌లో పుట్టిన ఈ అమ్మాయి 2020లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2021 నవంబరులో సోచిలో 272.71 పాయింట్లు సాధించింది. అంతకుముందు ఏ మహిళా స్కేటరూ అంత స్కోరు చూడలేదు. 2022 ఫిబ్రవరి 7న బీజింగ్ ఒలింపిక్స్‌లో, జట్టు పోటీలో, గాలిలో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద మంచుపై దిగింది. ఒలింపిక్స్ చరిత్రలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆమే. చేతులు తలపైకెత్తి ఎగిరితే జంప్ మరింత కష్టమవుతుంది. ఈమె అలాగే ఎగిరేది, అది కష్టమని చూసేవాళ్లకు తెలిసేదే కాదు. దూకడమూ, నాట్యమూ ఒకే ఒంట్లో అంతగా కుదిరిన స్కేటర్లు అరుదు. ఇంత విద్య ఉన్న పిల్లకు మందు అవసరమని ఎవరికి తోచిందో ఆ ఒక్క సంగతీ ఇప్పటికీ తేలలేదు. మా ఆగ్రహమంతా అక్కడే.

ఆమె నమూనాలో దొరికింది ట్రైమెటాజిడిన్. మన మందుల షాపుల్లో గుండెనొప్పి ఉన్న పెద్దవాళ్లకిచ్చే మాత్ర. తాతగారి మందు పొరపాటున ఒంట్లోకి వెళ్లిందని ఆమె తరఫున వాదించారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం నమ్మలేదు. 2021 డిసెంబరు 25న తీసిన నమూనా ఫలితం జట్టు పోటీ ముగిశాక గానీ బయటికి రాలేదు. అప్పుడేం చేశారో చూడండి. ఆమెకు 16 ఏళ్లు నిండలేదు కాబట్టి నిబంధనల ప్రకారం రక్షణ పొందాల్సిన వ్యక్తి అంటూ, 2022 ఫిబ్రవరి 14న క్రీడా న్యాయస్థానం ఆమెను వ్యక్తిగత పోటీలో దిగనిచ్చింది. 2024 జనవరి 29న అదే న్యాయస్థానం తుది తీర్పులో, ఉద్దేశం లేదని నిరూపించుకోలేనప్పుడు వయోజన క్రీడాకారులకూ ఈమెకూ తేడా చూపే ఆధారం నిబంధనల్లో లేదని చెప్పి నాలుగేళ్ల పూర్తి శిక్ష వేసింది. మంచు మీదికి దించేటప్పుడు పసిపిల్ల, శిక్ష వేసేటప్పుడు పెద్దది. రెండు తీర్పులకూ న్యాయసూత్రాలు ఉండవచ్చు. న్యాయం మాత్రం లేదు.

ఆ రెండింటి మధ్య లోకమంతా చూసింది ఒకటుంది. పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి, రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో పదేపదే పడిపోయి నాలుగో స్థానానికి జారింది. ఏడుస్తూ మంచు దిగిన పిల్లను దగ్గరకు తీసుకోవాల్సిన కోచ్ ఎతెరీ తుత్‌బెరీద్జే, ఎందుకు వదిలేశావు, ఎందుకు పోరాడలేదని నిలదీసింది. కెమెరాల ముందే. అప్పటి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు థామస్ బాక్ అంతటివాడు ఆ కఠినత్వం చూసి చలించిపోయానని బయటికి చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడు.

కోచ్ చేతుల మీదుగా మందు వెళ్లిందని ఎవరూ రుజువు చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మరి పిల్ల తనంతట తానే తెలిసి తెచ్చుకుందని ఎవరు రుజువు చేశారు? ఒంట్లో మందు ఉండటం ఒక్కటి చాలు, భారమంతా పిల్ల మీద పడుతుంది. చుట్టూ ఉన్న పెద్దలను పట్టుకోవాలంటే మాత్రం సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం చెప్పగలిగింది ఆ పెద్దలే.

తుత్‌బెరీద్జే శిక్షణాలయంలోనే అంతకుముందు యూలియా లిప్‌నిట్‌స్కాయా 2014లో 15 ఏళ్లకే ఒలింపిక్ జట్టు స్వర్ణం గెలిచింది. తిండి సహించని జబ్బు బారిన పడి 2017లో ఆట మానేసింది. అలీనా జగితోవా 2018లో 15 ఏళ్లకే ఒలింపిక్ చాంపియన్, 2019 చివరికల్లా పోటీలకు దూరం. ఒక పిల్ల తరువాత ఇంకొక పిల్ల. ఏరు దాటాక తెప్ప తగలేసిన తీరు ఇది. అయినా అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2020లో ఉత్తమ కోచ్ పురస్కారం ఇచ్చింది ఆ కోచ్‌కే. బీజింగ్ తరువాత గానీ ఆ సమాఖ్యకు మెలకువ రాలేదు. 2022 జూన్‌లో 100 ఓట్లు అనుకూలంగా, 16 వ్యతిరేకంగా రాగా, సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచింది. ఆ పని ఎనిమిదేళ్లు ముందు చేసి ఉంటే వలియేవా 15 ఏళ్లకు ఒలింపిక్స్‌లో ఉండేదే కాదు. ఎదిగిన ఒంటితోనూ గెలవొచ్చని జపాన్ స్కేటర్ కావోరి సకమోతో 2022, 2023, 2024లో వరుసగా ప్రపంచ టైటిళ్లు గెలిచి చూపించింది.

ఒడిశాలో ఉన్న మనకు ఈ కథ కొత్తదా? 2006 మే నెల ఎండలో పూరి నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరిగెత్తించిన బుధియా సింగ్‌కు అప్పుడు నాలుగేళ్లు. ఏడు గంటలకు పైగా పరిగెత్తాడు. దారి పొడవునా చప్పట్లు కొట్టింది మన రాష్ట్ర జనమే. తరువాత ప్రభుత్వం దూరపు పరుగులు ఆపించింది. సరైన పనే. కానీ అప్పటికే వాడిని రికార్డు చేసేశారు. వాడి మోకాళ్లకేమవుతుందని ఆ ఉదయం అడిగినవాళ్లు ఎందరు? ఈ రోజు మన పట్టణాల్లో ఆరేళ్ల పిల్లను నడుము విరిచినట్టు వంచి కార్ల కింద నుంచి స్కేట్ చేయిస్తుంటే అడుగుతున్నవాళ్లు ఎందరు?

చిన్న ఊరి పిల్లలకు ఇంకే దారుందని, చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే ఏ ఆటా రాదని తల్లిదండ్రులు అంటారు. చిన్నప్పుడు మొదలుపెట్టాల్సిందే, కాదనం. రోలర్ స్కేటింగ్‌లో అనూప్ కుమార్ యామా అనే మన తెలుగువాడే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. అది గుర్తింపు ఉన్న పోటీ, నిబంధనలున్న ఆట, న్యాయనిర్ణేతలున్న చోటు. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ అచ్చువేసిచ్చే రికార్డుల దుకాణంతో దానికి పోలికేమిటి? ఆ సర్టిఫికెట్‌తో ఏ జాతీయ శిబిరంలోనూ చోటు దొరకదు. ఆ సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. నిర్వాహకులు అసలే చెప్పరు.

చట్టం లేదా అంటే ఉంది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ వినోద, క్రీడా కార్యక్రమాల్లో పిల్లలు పాల్గొనడానికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుకు 2017 నిబంధనలు కళ్లెం వేశాయి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, పిల్లలతో వాణిజ్య కార్యక్రమం పెట్టాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఒక్కో పిల్ల దగ్గరా రుసుము వసూలు చేసే కార్యక్రమం వాణిజ్యం కాకపోతే మరేమిటి? గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ కలెక్టర్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. పని గంటల దగ్గరికొచ్చేసరికి ఇది పని కాదు, ఆట అంటారు. బ్యానర్ దగ్గరికొచ్చేసరికి అదే పిల్ల ప్రపంచ రికార్డు వీరురాలు. బీజింగ్‌లో వలియేవాకు జరిగిందీ ఇదే. ఎప్పుడు పసిది, ఎప్పుడు పెద్దది అన్నది పెద్దల అవసరాన్ని బట్టి మారిపోయింది.

మాత్రల సంగతి మన గడపకు దూరమనీ భ్రమపడొద్దు. మైనర్లలో నిషిద్ధ మందుల కేసులపై ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా పదేళ్ల లెక్క తీస్తే రష్యా తరువాత రెండో స్థానంలో నిలిచింది భారతదేశమే. బరంపురం ప్రపంచానికిచ్చిన కామన్‌వెల్త్ స్వర్ణ విజేత, వెయిట్‌లిఫ్టర్ కె.రవికుమార్ 2019లో నిషిద్ధ పదార్థం కేసులో నాలుగేళ్ల నిషేధానికి గురైనప్పుడు ఈ ఊరు పడ్డ బాధ మాకు తెలుసు. ఆయన వయోజనుడు, తన మాట తాను చెప్పుకోగలిగినవాడు. రేపు 13 ఏళ్ల పిల్ల పట్టుబడితే చెప్పుకునే మాటేది? డబ్బాలో ఏ పొడి ఉందో, కోచ్ అంకుల్ ఏ మాత్ర ఇచ్చారో ఆ పిల్లకు తెలుస్తుందా?

కాబట్టి అనుమతి లేని ప్రతి రికార్డు కార్యక్రమాన్ని మొదలయ్యేలోపే ఆపాలి. పిల్లకు దెబ్బ తగిలినా, పరీక్షలో మందు దొరికినా మొదటి నోటీసు శిక్షణ ఇచ్చినవాడికి వెళ్లాలి. ఇక ఆ వేదికలెక్కి శాలువాలు కప్పించుకునే ఎమ్మెల్యేలకు, అధికారులకు ఒక మాట: అక్కడ కూర్చునే ముందు ఆ పిల్ల పొద్దున్న ఎన్నింటికి లేచిందో, ఎన్ని గంటలుగా ఎండలో ఉందో అడగండి. జవాబు తెలిశాక కూడా శాలువా కోసం కూర్చునేటట్టయితే, రేపు ఆ పిల్లకు ఏమైనా జరిగినప్పుడు నాకేం తెలియదనే హక్కు మీకు లేదు.