కెర్నల్‌లో సగం రక్షణ: ఏ సగం అనేదే లెక్క

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో కొత్త సెక్యూరిటీ ప్యాచ్ (కోడ్ మార్పు) మీద వాదన మొదలైతే ఎప్పుడూ రెండే పాటలు. ‘గుడ్డి కన్నా మెల్ల మేలు, పెట్టేద్దాం’ అని ఒకరు. ‘పూర్తిగా ఆపలేనప్పుడు ఎందుకా దండగ’ అని ఇంకొకరు. అది ఎవరిని, ఏ మెట్టు దగ్గర ఆపుతుందో మాత్రం ఇద్దరూ అడగరు.

రిఫ్‌కౌంట్ సంగతే చూడండి. ఒక ఆబ్జెక్ట్‌ను ఎన్ని చోట్ల వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్ అది, సున్నాకి వస్తే కెర్నల్ ఆ మెమరీని ఫ్రీ చేస్తుంది. 2016లో లైనక్స్‌లో రహస్య కీలను దాచే కీరింగ్ కోడ్‌లో సీవీఈ-2016-0728 అనే బగ్ బయటపడింది. ఒక ఎర్రర్ దారిలో రిఫరెన్స్ వదలడం మర్చిపోయారు, అంతే. అదే సిస్టమ్ కాల్‌ను (కెర్నల్‌ని పని అడిగే పిలుపును) తిప్పి తిప్పి పిలిస్తే 32 బిట్ల కౌంటర్ సుమారు 429 కోట్ల సార్లు పెరిగి మళ్లీ సున్నాకి వస్తుంది. వాడుకలో ఉన్న ఆబ్జెక్ట్‌ను కెర్నల్ ఫ్రీ చేసేస్తుంది. ఆ జాగాలో తన డేటా నింపినవాడికి రూట్, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం, దక్కుతుంది. లైనక్స్ 4.11లో వచ్చిన రిఫ్‌కౌంట్_టీ అనే కౌంటర్ రకం చేసేదల్లా, కౌంటర్ పరిధి దాటబోతే అక్కడే బిగించేయడం. ఆ మెమరీ ఇక ఎప్పటికీ ఫ్రీ కాదు, లీకవుతుంది. అవనీండి, రూట్ పోలేదుగా! అయితే ఒక ‘పుట్’ (రిఫరెన్స్ వదలడం) ఎక్కువైన బగ్‌ను ఇది ఆపలేదు. వార్నింగ్ వచ్చేసరికే ఆబ్జెక్ట్ ఫ్రీ అయిపోయి ఉంటుంది. సగం రక్షణే, కానీ ఆపిన సగాన్ని గట్టిగా ఆపింది.

కేఏఎస్ఎల్ఆర్ అలా కాదు. బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్‌ను మెమరీలో వేరే చోట పెట్టే రక్షణ అది, ఆ చోటు రహస్యంగా ఉండడం మీద బతుకుతుంది. ఎక్స్86-64 ప్రాసెసర్లలో కెర్నల్‌కి 1 జీబీ పరిధి, 2 ఎంబీ అలైన్‌మెంట్ (2 ఎంబీకి ఒక చోటు చొప్పునే మొదలవగలదు). అంటే మహా అయితే 512 చోట్లు. ఇమేజ్ మొత్తం ఒకే దూరం జరుగుతుంది కాబట్టి ఒక్క ఫంక్షన్ పాయింటర్ (ఫంక్షన్ ఉన్న అడ్రస్) లీకైతే ఒక తీసివేతతో అన్ని అడ్రసులూ దొరుకుతాయి. నెట్‌వర్క్ అవతలి నుంచి కొట్టేవాడికి ఇది నిజంగానే అడ్డు, గురి తప్పితే మెషిన్ క్రాష్ అవుతుంది. లోకల్ యూజర్‌కి ఆ కష్టమే లేదు. ప్రీఫెచ్ (డేటాను ముందే తెప్పించే ప్రాసెసర్ ఆదేశం) ఎంతసేపు పట్టిందో కొలిస్తే చాలు. ఇంటెల్ ప్రాసెసర్ల మీద కేపీటీఐ (యూజర్ ప్రోగ్రామ్‌ల నుంచి కెర్నల్ మెమరీని మరుగు చేసే రక్షణ) ఉన్నా ఆ కొలత పనిచేస్తుందని 2022లో ఎంట్రీబ్లీడ్ అనే దాడి చూపించింది.

కేఏఎస్ఎల్ఆర్‌ను తీసేయమని నేననను. నా ఒళ్లు మండేది ‘కేఏఎస్ఎల్ఆర్ ఉందిగా’ అంటూ లోకల్ బగ్ తీవ్రతను ఒక మెట్టు దించేసినప్పుడు. ఆ బగ్‌ను సరిచేసే ప్యాచ్ వెనక్కి పోతుంది, సర్వర్లు అలాగే నడుస్తుంటాయి. ఏ కొత్త రక్షణ కలిపినా దాని హెల్ప్ టెక్స్ట్‌లోనే ‘లోకల్ యూజర్‌ను ఆపదు’ లాంటి వాక్యం ఉండాలి, లేకపోతే మెర్జ్ చేయకూడదు.

పదిమంది లాగినయ్యే మెషిన్ మీ చేతిలో ఉంటే ముందు యూజర్.మ్యాక్స్_యూజర్_నేమ్‌స్పేసెస్ అనే కెర్నల్ సెట్టింగ్‌ను 0 చేయండి. మామూలు యూజర్ తనే రూట్‌లా కనిపించే యూజర్ నేమ్‌స్పేస్‌ను ఇక తెరవలేడు. అతనికి నెట్‌ఫిల్టర్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను వడగట్టే భాగం) లాంటి కోడ్‌ను తాకే దారి అక్కడే మూసుకుపోతుంది. రూట్‌లెస్ కంటైనర్లు (రూట్ అధికారం లేకుండా నడిపేవి) ఆగిపోతాయి, అది మాత్రం ముందే చెప్పి చేయండి.